నొప్పికి ఎక్స్‌రే లేదు

భిలాయిలో లెక్కకు రాని వస్తువు ఉండదు. ఏ షిఫ్టులో బ్లాస్ట్ ఫర్నేస్ ఎన్ని టన్నుల ద్రవ ఇనుము ఇచ్చింది, రైల్ మిల్లు నుంచి ఎన్ని పట్టాలు బయటికొచ్చాయి, ఎన్ని వెనక్కి పోయాయి, అన్నిటికీ రిజిస్టర్లున్నాయి. ప్రమాదాలకూ లెక్కుంది. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైన్ పేలి అంతకంటే ఎక్కువ మంది ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు విచారణ కమిటీలు వస్తాయి, పరిహారం ప్రకటిస్తారు, పత్రికల్లో పేర్లు అచ్చవుతాయి.

ఈ ఉక్కు నగరంలో ఏ రిజిస్టరుకూ ఎక్కనిది ఒకటే. మానని నొప్పి. గాయం ఆరిపోయాక, కట్టు విప్పేశాక, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేశాక కూడా వదలని నొప్పి. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అనాలని వైద్యశాస్త్రం అంటుంది. భిలాయి సెక్టార్లలో దానికి ముప్పై ఏళ్ల వయసు కూడా ఉంటుంది. కానీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా తెలియజేయాలంటూ 29 వృత్తి రోగాల జాబితా ఇస్తే అందులో సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, శబ్దం వల్ల వచ్చే చెవుడు ఉంది. బరువులెత్తి అరిగిన నడుముకు చోటు లేదు. చెవుడును కొలిచే యంత్రం ఉంది. నొప్పిని కొలిచేది లేదు. తేడా అంతా అక్కడే వచ్చింది.

సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించాక దేశం నలుమూలల నుంచీ జనం ఇక్కడికి తరలివచ్చారు. మినీ ఇండియా అని ఊరికి పేరు. ఆ జనంలో తెలుగువాళ్లది పెద్ద వాటా. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైలెక్కిన వాళ్లు మట్టి మోశారు, కాంక్రీటు పోశారు, తర్వాత కొలుముల దగ్గరే ఉండిపోయారు. వాళ్ల మనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. సెక్టార్ 5 బాలాజీ గుడి మెట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, మొదటి తరంలో మిగిలిన కొందరినీ, రెండో తరంలో రిటైరైన చాలామందినీ చూడొచ్చు. మెట్టు మెట్టుకూ కమ్మీ పట్టుకుని, ఒక కాలు ముందు పెట్టి, రెండో కాలును దాని పక్కకు లాక్కుంటూ ఎక్కుతారు.

వీళ్లలో ఒక మనిషిని ఊహించుకోవచ్చు. అతను ఫలానా వ్యక్తి కాడు, ఒక తరానికంతటికీ కలిపి గీసిన బొమ్మ. ముప్పై అయిదేళ్లు ప్లాంటులో చేశాడు. నడుము మొదటిసారి కలుక్కుమన్నది నలభై ఏళ్ల వయసులో. వారం సెలవు పెట్టి, నూనె రాయించుకుని, మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. ఆ తర్వాత నొప్పి వస్తూ పోతూ ఉండేది. రిటైరయ్యాక పోవడం మానేసింది. ఇప్పుడతని దగ్గర ఒక ప్లాస్టిక్ ఫైలుంది. అందులో పాత ఎక్స్‌రేలు, రెండు ఎం.ఆర్.ఐ. రిపోర్టులు, విటమిన్ డి పరీక్ష, యూరిక్ యాసిడ్ పరీక్ష, రంగు వెలసిన చీటీలు. ఆస్పత్రికి వెళ్లే ప్రతిసారీ ఆ ఫైలును చంకలో పెట్టుకుని వెళ్తాడు. తాను చెప్పేది నమ్మరని అతనికి తెలుసు. కాగితాలైతే నమ్ముతారేమో అని.

ఓపీలో అతని వంతు వచ్చేసరికి బయట ఇంకా యాభై మంది ఉంటారు. డాక్టర్ తలెత్తకుండానే ఎక్కడ నొప్పి అంటాడు. కమర్ మే దర్ద్, అని ఇతను జవాబిస్తాడు. సంభాషణ దాదాపు అక్కడితో అయిపోతుంది. ఉమర్ హో గయీ హై బాబూజీ, అని ఓదార్పు. వయసైపోయిందట. ఆ మాట నిజమే కావచ్చు గానీ అదేమీ వైద్యం కాదు.

అదే మనిషి ఇంట్లో భార్యతో మాట్లాడేటప్పుడు నొప్పి ఒక్క మాటలో తెమలదు. పొద్దున లేవగానే నడుం పట్టేసిందంటాడు. వంగితే కలుక్కుమందంటాడు. సాయంత్రానికి పిక్క లాగేస్తోందని, రాత్రికి పాదం మీద కారం రాసినట్టు మండుతోందని, వేళ్ల చివర చీమలు పాకుతున్నాయని చెబుతాడు. తెలుగులో నొప్పికి ఎంత సంపద ఉందో మనం లెక్క వేసుకోం గానీ, పోటు వేరు, సలపరం వేరు, తీపులు వేరు, గుంజుడు వేరు, తిమ్మిరి వేరు, జివ్వుమనడం వేరు. తలకు పోటొస్తుంది, పుండు సలుపుతుంది, జ్వరానికి ఒళ్లు తీపులు తీస్తుంది. ఒకదాని చోట మరొకటి వాడితే చిన్నపిల్ల కూడా నవ్వుతుంది. హిందీకీ ఈ సంపద ఉంది, ఛత్తీస్‌గఢీలో ‘పీరా’ చుట్టూ అల్లుకున్న మాటలూ ఉన్నాయి. అయితే బతుకుతెరువు కోసం నేర్చుకున్న భాషలో మనిషికి దొరికేది ఒకే ఒక్క దర్ద్.

ఇదేదో భాషాభిమానంతో చెప్పే మాట కాదు. ఆ మాటల్లోనే రోగనిర్ధారణ ఉంది. మండడం, చీమలు పాకడం, కరెంటు కొట్టినట్టుండడం నరం దెబ్బతిన్న లక్షణాలు. పట్టేయడం, కలుక్కుమనడం కండరానికీ కీలుకూ చెందినవి. మొదటి దానికి డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్ర పెద్దగా పని చేయదు. దాని మందులు వేరు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని అంచనా కట్టడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. దాని ముడిసరుకంతా మాటలే. రోగులు తమ నొప్పిని వర్ణించడానికి వాడే 78 పదాలను ఏరి, గుంపులుగా చేసి, వాటిలో తమకు సరిపోయేవి చూపమన్నాడు. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్ని వాడుతోంది. యంత్రానికి అందని చోట మాటే పరికరం. భిలాయిలో ఆ పరికరాన్ని రోగి ఇంటి దగ్గరే వదిలేసి వస్తున్నాడు. తెచ్చినా వినడానికి అవతల టైము లేదు.

ఇందులో డాక్టర్‌ను ఒక్కణ్నే దోషిగా నిలబెట్టడం తేలిక. కానీ రెండు నిమిషాలకో రోగిని చూడాల్సిన వాడికి నొప్పి కథంతా వినే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా చదువుకునే రోజుల్లో అతనికి చెప్పింది నొప్పి ఒక సంకేతమని. జ్వరం లాగా అదీ మరొక జబ్బుకు సూచన, ఆ జబ్బును పట్టుకుంటే ఇది దానంతట అదే పోతుంది. అపెండిక్స్ విషయంలో, విరిగిన చేయి విషయంలో అది అక్షరాలా నిజం. ఏళ్ల తరబడి ఉన్న నొప్పి అలా ఉండదు. నరాలు, వెన్నుపాము, మెదడు ఆ దారికి అలవాటు పడతాయి. గంట కొట్టిన వాడు వెళ్లిపోయినా గంట మోగుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చినప్పుడు దీర్ఘకాలిక నొప్పికి మొదటిసారి పద్ధతిగా సొంత కోడ్లు దక్కాయి, అంటే అదే ఒక జబ్బు కాగలదని ఒప్పుకున్నారు. నొప్పి అధ్యయనానికి ఉన్న అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ మరో మాట చేర్చింది. నాకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలట. ఇంత చిన్న విషయం రాసుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇక ఫైలులోని ఎం.ఆర్.ఐ. సంగతి. రిపోర్టులో డిస్క్ అరిగిందని, ఉబ్బిందని ఉంటుంది. అది చదివాక మనిషి సగం కుంగిపోతాడు. వంగడం మానేస్తాడు, నడవడం మానేస్తాడు, బెల్టు కట్టుకుని మంచానికి అతుక్కుంటాడు. అయితే ఏ నొప్పీ లేనివాళ్లకు తీసిన స్కాన్లను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ల వాళ్లలో 37 శాతానికీ, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతానికీ డిస్కులు అరిగే ఉన్నాయి. అంటే జుట్టు నెరిసినట్టే వెన్నూ నెరుస్తుంది. స్కాన్‌లో కనిపించిందే నొప్పికి కారణమని చెప్పడానికి లేదు, కనిపించనంత మాత్రాన నొప్పి లేదనడానికీ లేదు. నడుము నొప్పి మీద ‘లాన్సెట్’ 2018లో ప్రచురించిన వ్యాసాల సారం కూడా దాదాపు ఇదే. అవసరం లేని స్కాన్లు, అవసరం లేని ఆపరేషన్లు దండిగా జరుగుతున్నాయి. నడిపించడం, వ్యాయామం, వివరంగా చెప్పడం లాంటి పనికొచ్చేవి జరగడం లేదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. మనిషిని మంచాన పడేసే కారణాల్లో దానిదే మొదటి స్థానం.

మరి పనికొచ్చేవి ఎందుకు జరగవు? డబ్బు ప్రవహించే దారి చూస్తే అర్థమవుతుంది. మన దేశంలో ఆరోగ్య బీమా అంటే మంచం. మంచం మీద పడుకోబెడితే డబ్బు వస్తుంది, కూర్చోబెట్టి మాట్లాడితే రాదు. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా ఇస్తుంది, అది ఆస్పత్రిలో చేరితేనే. వెన్నుకు మరలు బిగించడానికి దారి ఉంది గానీ, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లడానికి లేదు. మానని నొప్పి బతికేదేమో పూర్తిగా ఓపీలోనే.

కాబట్టి చీటీ మీదికి మళ్లీ అదే మాత్ర వస్తుంది. చీటీ లేకపోయినా మందుల షాపులో దొరుకుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుచేయక తప్పదు. మన రాబందులు మూకుమ్మడిగా ఎందుకు చచ్చిపోతున్నాయో 2004లో తేలింది. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు పాడై చచ్చాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. పక్షి శరీరం వేరు, మనిషి శరీరం వేరు, ఒకదాన్ని చూసి రెండో దానికి భయపడక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి రోజూ మింగితే అలాంటి మందులు మనిషి మూత్రపిండాలకూ, కడుపుకూ, గుండెకూ చేటు చేస్తాయన్నది వైద్యులందరికీ తెలిసిందే. బీపీ, షుగర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి మరీనూ. నడుము నొప్పితో మొదలైన ఫైలు క్రియాటినిన్ రిపోర్టుతో లావెక్కడం ఎవరికీ వింతగా అనిపించదు.

ఎప్పుడో ఒకసారి ఒక మంచి డాక్టర్ తగులుతాడు. నరాల నొప్పి అని గుర్తించి అమిట్రిప్టిలిన్ రాస్తాడు. అది నరాల నొప్పికి తక్కువ మోతాదులో వాడే మందే. మొదట్లో మాత్రం దిగులుకు మందుగా వచ్చింది. కొడుకో కోడలో ఫోన్లో వెతికి, ఇది డిప్రెషన్ మాత్ర నాన్నా అంటారు. నాకు పిచ్చి అనుకున్నాడా, అని పెద్దాయన ఆ అట్టను కిటికీలోంచి విసిరేస్తాడు. డాక్టర్ ఇంకో రెండు నిమిషాలు కేటాయించి, ఎందుకు ఇస్తున్నాడో చెప్పి ఉంటే ఆ మందు లోపలికి వెళ్లేది. సరైన వైద్యం కూడా ఇలా చేజారుతుంది.

ముసలివాళ్ల నడుములనైనా వయసు ఖాతాలో రాసేయొచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో పదేళ్ల పిల్లల నొప్పిని ఏ ఖాతాలో రాయాలి?

సికిల్ సెల్ ఈ రాష్ట్రంలో ఇంటింటి మాట. జనాభాలో దాదాపు పది శాతం మందిలో ఆ జన్యువు ఉంటుందన్నది ఇక్కడ తరచూ వినిపించే అంచనా. గిరిజనులలోనే కాదు, సాహు, కుర్మీ లాంటి వ్యవసాయ కులాలలోనూ ఎక్కువ. మన అరకు, పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల వాళ్లకు ఈ పేరు కొత్తేమీ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ వస్తే రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోట రక్తం అందక ఎముక లోపలి నుంచి నొప్పి పుడుతుంది. చలి, నీరు తక్కువ తాగడం, జ్వరం, అలసట, ఏదైనా చాలు దాన్ని రేపడానికి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఒంట్లో నీరు ఇంకిపోవడం ఎంత సేపు?

ఆ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన కుర్రాడి ఒంటి మీద గాయం ఉండదు. వాపు ఉండకపోవచ్చు. ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది. ఎన్నోసారో వచ్చాడు గనక అక్కడి వాళ్లకు మొహం పరిచయమే. సూది మందు పేరు చెప్పి మరీ అడుగుతాడు, అది పనిచేస్తుందని అనుభవం చెప్పింది కాబట్టి. ఆ అడగడమే నేరమవుతుంది. వీడు మందుకు అలవాటు పడ్డాడని ఒక చూపు. అమెరికాలోనూ ఈ జబ్బున్న నల్లజాతి రోగులు సరిగ్గా ఇదే చూపును ఎదుర్కొంటున్నారని అక్కడి అధ్యయనాలు ఎన్నిసార్లో చెప్పాయి. ప్రమాదవశాత్తు చెయ్యి కాలినవాడికి దొరికే నమ్మకం ఈ పిల్లవాడికి దొరకదు. ఏళ్లు గడిచేకొద్దీ రక్తం అందక తుంటి ఎముక తల చచ్చుబడుతుంది. అప్పుడు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. అప్పుడు నమ్ముతారు. అప్పటికి పాతికేళ్ల వాడు కర్రతో నడుస్తుంటాడు.

భారతదేశంలో కనిపించే సికిల్ సెల్ కాస్త మెతక రకమని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల నుంచి వచ్చిన పరిశీలనలు ఆ నమ్మకాన్ని సడలించాయి. నొప్పి ఎపిసోడ్లు తగ్గించడానికి హైడ్రాక్సీయూరియా అనే మాత్ర ఉంది. ఖరీదైనదేమీ కాదు, రోజూ వేసుకుంటూ అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి. చేతిలో ఉన్న ఈ మందు అందరికీ సక్రమంగా అందడమే గగనమైంది. మరోవైపు 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు ఈ జబ్బుకు జన్యు చికిత్సను అనుమతించాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అదే ఏడాది జులై 1న ప్రధాని నరేంద్ర మోదీ మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. 2047 నాటికి నిర్మూలన, 40 ఏళ్ల లోపున్న 7 కోట్ల మందికి పరీక్షలు, ఇవీ లక్ష్యాలు. పరీక్షలు చేయడం, కార్డులు ఇవ్వడం మంచిదే. రాబోయే తరంలో పుట్టుకలు తగ్గొచ్చు. కానీ కార్డు జేబులో పెట్టుకుని ఈ రాత్రి ఎమర్జెన్సీ బల్ల మీద మెలికలు తిరుగుతున్న వాడికి ఎంతసేపట్లో నొప్పి తగ్గించాలన్న నియమం ఏ గోడ మీదా కనిపించదు. లెక్కలోకి వచ్చింది జన్యువు. నొప్పి ఇంకా రాలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో సికిల్ సెల్‌ను చేర్చింది. అది నిజమైన ముందడుగు. రక్తపరీక్షలో తేలే జబ్బు కాబట్టి చేరగలిగింది. నడుము నొప్పితో పదిహేనేళ్లుగా కూర్చోలేని వాడికి ఆ తలుపు కూడా లేదు.

భరించలేని నొప్పికి వాడే మార్ఫిన్ సంగతి మరీ విడ్డూరం. న్యాయబద్ధంగా నల్లమందు సాగు చేసే అతి కొద్ది దేశాల్లో మనది ఒకటి. ఆ సాగుకు పేరున్న నీమచ్, మంద్‌సౌర్ జిల్లాలు మధ్యప్రదేశ్‌లోనివి. 2000 నవంబర్ 1 దాకా భిలాయి కూడా ఆ రాష్ట్రంలోదే. నీమచ్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉంది, సరుకు విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఇంట్లో మాత్రం కరువు. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చాక లైసెన్సు మీద లైసెన్సు అడిగే నిబంధనలకూ, జైలు భయానికీ జడిసి ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ దీని మీద పెద్ద నివేదిక వెలువరించింది. కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి మార్గం సులువు చేసింది. అయినా 2017లో లాన్సెట్ కమిషన్ వేసిన లెక్కలో మన దేశ అవసరంలో తీరుతున్నది 4 శాతమే.

మార్ఫిన్ అందరి నొప్పికీ మందు కాదు. క్యాన్సర్ చివరి దశకూ, సికిల్ సెల్ తీవ్ర నొప్పికీ అది కావాలి. మామూలు నడుము నొప్పికి దాన్ని విచ్చలవిడిగా రాస్తే ఏమవుతుందో అమెరికా చూపించింది. 1996లో ఒక కంపెనీ ఆక్సికాంటిన్ మాత్రను మార్కెట్లోకి తెచ్చి, భయం లేదని ప్రచారం చేశాక అక్కడ లక్షల ప్రాణాలు పోయాయి. అక్కడ డాక్టర్లు అతిగా నమ్మారు, ఇక్కడ అసలు నమ్మరు. రెండు చోట్లా జరగని పని ఒకటే, రోగి దగ్గర కూర్చోవడం. కోజికోడ్‌లో 1993లో మొదలైన నొప్పి, ఉపశమన వైద్య సంఘం చేసింది ఆ పనే. అక్కడి వాలంటీర్లు ఇళ్లకు వెళ్లారు, విన్నారు, కట్లు మార్చారు, అవసరమైన చోట డాక్టర్ మార్ఫిన్ ఇచ్చాడు. 2008కల్లా కేరళ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర విధానంగా చేసుకుంది.

భిలాయికి ఇలాంటి పాఠం కోసం కేరళ దాకా వెళ్లనవసరం లేదు. కొలుములకు ముడి ఇనుము పంపిన దల్లీ రాజహరాలోనే ఒకటి జరిగింది. అక్కడ గనుల్లో కాంట్రాక్టు కూలీలకు కంపెనీ ఆస్పత్రిలో శాశ్వత ఉద్యోగులతో సమానంగా వైద్యం అందేది కాదు. 1970ల చివర్లో వాళ్ల సంఘంలోని ఒక మహిళా నాయకురాలు ప్రసవ సమయంలో వైద్యం అందక చనిపోయింది. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని కూలీలు చందాలు వేసుకుని, తమ చేతులతో ఇటుకలు పేర్చి 1983లో షహీద్ ఆస్పత్రిని కట్టుకున్నారు. బినాయక్ సేన్, సైబల్ జానా లాంటి డాక్టర్లు వచ్చి చేరారు. రోగి ఎందుకు జబ్బుపడ్డాడో అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం కూడా వైద్యంలో భాగమని అక్కడ పట్టుబట్టేవారు. నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలోనే కిటికీలోంచి కాల్చి చంపారు. ఆస్పత్రి నిలిచింది.

ప్లాంటులో శాశ్వత ఉద్యోగుల సంఖ్య ఏటా తగ్గుతూ వచ్చింది, బరువు పనులు కాంట్రాక్టు కూలీల భుజాల మీదికి మారాయి. ఊళ్లో సెక్టార్ నైన్ అని పిలుచుకునే జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి కాలిన గాయాల వైద్యానికి ఈ ప్రాంతమంతటా పేరు తెచ్చుకుంది. గాయమంటూ కనిపిస్తే ఈ ఊరికి ఏం చేయాలో తెలుసు. రిటైరైన ఉద్యోగికి కనీసం ఒక ఫైలైనా ఉంటుంది. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ ఉద్యోగం కొత్తగా మొదలయ్యే కూలీకి అదీ ఉండదు. నడుము పట్టేసిందంటే మర్నాడు ఆ చోట ఇంకొకడు. కాబట్టి చెప్పడు. షిఫ్టుకు ముందు ఒక మాత్ర, తర్వాత ఒక మాత్ర. వాడి భార్య నాలుగిళ్లలో అంట్లు తోమి వచ్చి మోకాళ్లు పట్టుకు కూర్చుంటుంది. ఆడవాళ్ల నొప్పినైతే ఇంట్లో వాళ్లే నమ్మరు, ఇక ఆస్పత్రి ఎంత?

సెక్టార్లలోని తెలుగు కుటుంబాలు చివరికి పట్టుకునేది విశాఖపట్నం దారి. అక్కడ మనవాళ్లున్నారు, మన భాష ఉంది, పెద్ద డాక్టర్లున్నారు. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్ నుంచి వందే భారత్ నడుస్తోంది. తెల్లవారుజామున బయల్దేరి రాయగడ, విజయనగరం మీదుగా ఎనిమిది గంటల్లో చేరుస్తుంది. నడుము నొప్పి మనిషికి ఎనిమిది గంటలు కూర్చోవడం చిన్న విషయం కాదు. గంటకోసారి లేచి తలుపు దాకా నడిచి వస్తాడు. కింద పట్టా మాత్రం సాఫీగా ఉంటుంది. బహుశా భిలాయిదే.

విశాఖలో వరసలో గంటన్నర నిలబడ్డాక లోపలికి పిలుస్తారు. ఇక్కడ హిందీ అక్కర్లేదు. పాదం మంట గురించి, చీమల గురించి, రాత్రిళ్లు పిక్క లాగడం గురించి అతను తెలుగులో మొదలుపెడతాడు. రెండో వాక్యం పూర్తి కాకుండానే డాక్టర్ చేయి చాస్తాడు. ఎం.ఆర్.ఐ. తెచ్చారా, పెద్దాయనా?